చెట్టు మీద కునుకు: తాడు ఎంతవరకు కాపాడుతుంది?

క్లుప్తంగా: అమెరికాలో జింకల వేటకు చెట్టెక్కేవారిలో స్టాండ్ (చెట్టుకు బిగించే కుర్చీలాంటి ఆసనం) వదిలి శాడిల్ (ఒంటికి తొడుక్కుని తాడు మీద వాలే పట్టీల జీను) వైపు మొగ్గేవారు గత కొన్నేళ్లలో బాగా పెరిగారు. శాడిల్‌లో వేటగాడు మొదటి నుంచీ తాడు మీదే ఆధారపడి ఉంటాడు కాబట్టి, కునుకు పట్టగానే కింద పడిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. అయితే తాడు వదులు కాకుండా చూసుకోవడం, కాళ్లలో రక్తం నిలిచిపోకుండా కదలడం, నొప్పిని గుర్తించి భంగిమ మార్చుకోవడం అనే పనులు మెలకువలో ఉన్న మనిషే చేయాలి. చెట్టు మీద నిద్ర ఎంతవరకు క్షేమమో తేల్చేవి ఈ మూడే.

నిద్ర ముంచుకొచ్చే మధ్యాహ్నం

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో నవంబరు నెల తెల్లతోక జింకలు జతకట్టే కాలం. మామూలు రోజుల్లో ఈ జింక తెల్లవారుజామున, మునిమాపు వేళ ఎక్కువగా తిరుగుతుంది. పట్టపగలు పొదల చాటున పడుకుని నెమరు వేస్తుంది. జతకట్టే రోజుల్లో మగజింక ఈ కట్టుబాటు మరిచిపోతుంది. ఆడజింక జాడ పట్టుకుని మిట్టమధ్యాహ్నమైనా తిరుగుతుంది. అందువల్ల ఏడాదంతా పొద్దున్న ఒక పూట, సాయంత్రం ఒక పూట మాత్రమే చెట్టు మీద ఉండే వేటగాళ్లు కూడా ఆ రెండు మూడు వారాలు చీకటితో ఎక్కి, చీకటి పడేదాకా దిగరు. చాలా రాష్ట్రాల్లో సూర్యోదయానికి అరగంట ముందు మొదలై, సూర్యాస్తమయం తర్వాత అరగంటకు వేట సమయం ముగుస్తుంది. నవంబరులో అది దాదాపు పదకొండు గంటలు. అలికిడి సద్దుమణగాలంటే వెలుగు రావడానికి గంట ముందే చెట్టు మీద ఉండాలి; దానికి ముందు కారు ప్రయాణం, అడవిలో నడక, మోత ఉంటాయి. అలా లెక్కేస్తే నిద్ర లేచే వేళ మూడు, నాలుగు గంటల మధ్య పడుతుంది.

ఇలా లేచిన మనిషికి మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య నిద్ర రావడం బద్ధకం వల్ల కాదు. మేలుకుని ఉన్న ప్రతి గంటా మెదడులో నిద్ర ఒత్తిడి పేరుకుంటుంది. దానికి తోడు ఒంట్లోని గడియారం మధ్యాహ్నం చురుకుదనాన్ని కాసేపు తగ్గిస్తుంది. భోజనం చేసినా చేయకపోయినా ఈ తగ్గుదల ఉంటుంది. కదలకుండా, మాట్లాడకుండా, ఒకే దిక్కుకు చూస్తూ గంటలకొద్దీ ఉండటం వేటలో పని. నిద్రను పిలిచేది కూడా సరిగ్గా అదే. కాబట్టి కునికిపాట్లు పడతామా లేదా అన్న ప్రశ్న ఇక్కడ వ్యర్థం. పడినప్పుడు ఏం జరుగుతుంది అన్నదే ఆలోచించదగిన ప్రశ్న.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. ఈ వ్యాసంలోని వివరణంతా లైసెన్సు, సీజను, సంఖ్యా పరిమితులు విధించి అమెరికా రాష్ట్రాలు అనుమతించే వేటకు సంబంధించినది.

శాడిల్ అంటే ఏమిటి

శాడిల్ అనే మాటకు జీను అని అర్థం. అయితే ఇది మనిషి ఎక్కి కూర్చునే జీను కాదు, మనిషి తొడుక్కునే జీను. నడుము కింది భాగాన్ని, పిరుదులను పట్టి ఉంచే గట్టి బట్ట లేదా వల, దాని చుట్టూ నడుము పట్టీ, తొడలకు రెండు పట్టీలు ఉంటాయి. ముందువైపు రెండు పక్కలను కలుపుతూ ఒక పొట్టి తాడు ఉంటుంది. దాన్ని బ్రిడ్జ్ అంటారు. చెట్టు మొదలు చుట్టూ బిగించిన మరో తాడు టెథర్. టెథర్ మీద బరువు పడితే బిగిసే ప్రూసిక్ ముడి, ఆ ముడికి క్యారబైనర్ (గేటున్న లోహపు కొక్కెం), ఆ క్యారబైనర్‌లో బ్రిడ్జ్ తగిలించి, పాదాలను చిన్న ప్లాట్‌ఫామ్ మీద ఆనించి, వేటగాడు చెట్టుకు ఎదురుగా వెనక్కి వాలుతాడు. బరువులో కొంత పాదాల మీద, ఎక్కువ భాగం తాడు మీద ఉంటుంది. ఎత్తు సాధారణంగా ఇరవై అడుగులు, అటూ ఇటూగా.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. చెట్ల కొమ్మలు నరికే వృత్తివారు, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్‌లు చాలాకాలంగా ఇలాంటి పట్టీలతోనే పని చేస్తున్నారు. విల్లుతో వేటాడేవారిలో కొద్దిమంది దశాబ్దాల క్రితమే దీన్ని అందిపుచ్చుకున్నా, విస్తృతంగా వ్యాపించింది 2010ల చివర్లోనే. అందుకు ప్రధాన కారణం బరువు. చెట్టుకు బిగించుకుంటూ ఎక్కే పాతరకం స్టాండ్ ఒక్కటే తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. శాడిల్, ప్లాట్‌ఫామ్ కలిపినా అందులో సగం ఉండవు. ప్రభుత్వ అడవుల్లో చాలాచోట్ల స్టాండ్‌ను రాత్రిపూట వదిలి రావడం, చెట్టుకు మేకులు దిగ్గొట్టడం నిషిద్ధం కాబట్టి, రోజూ మోసుకెళ్లి మోసుకొచ్చేవారికి బరువు తగ్గడం చిన్న లాభం కాదు.

తెలుగు పాఠకులకు ఇందులో ఒక భాగం బాగా తెలిసినదే. గీత కార్మికుడు తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే మోకు, శాడిల్ వేటగాడు ఎక్కుతూ దిగుతూ వాడే లైన్‌మన్ తాడు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి: పాదాలు చెట్టును తన్నిపట్టి, నడుము వెనక్కి వాలినంతసేపే ఆ తాడుకు పట్టు. పాదం జారితే తాడు కూడా మొదలు వెంట కిందికి జారుతుంది. కల్లుగీతలో ప్రమాదాలు జరిగే తీరులో ఇది ముఖ్యమైనది కాబట్టే, 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో అదనపు రక్షణ సామగ్రి ఇవ్వడం మొదలుపెట్టింది. శాడిల్‌లో నిద్ర గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా కీలకం. లైన్‌మన్ తాడు మెలకువలో ఉన్న మనిషి కోసం. తలకు ఎగువన చెట్టుకు బిగిసి ఉండే టెథర్ ఒక్కటే, కాళ్లు సహకరించకపోయినా మనిషిని మోయగలదు. లైన్‌మన్ తాడు మీద ఆనుకుని కళ్లు మూయడానికి ఏ పరిస్థితిలోనూ అవకాశం లేదు.

స్టాండ్ మీద తూలడం, శాడిల్‌లో తూలడం

నిద్ర పట్టే క్షణంలో మెడ, నడుము కండరాల బిగువు సడలుతుంది. చాలామందికి ఆ దశలోనే ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. మెట్టు తప్పినట్టు అనిపించే ఆ కుదుపు అందరికీ అనుభవమే. చెట్ల మీద నిద్రపోయే పూర్వీకుల నుంచి మనకు మిగిలిన రక్షణ చర్య అది అని ఒక ఊహ ఉంది గానీ, అది ఊహగానే ఉంది.

కుర్చీలా ఉండే స్టాండ్ మీద ఈ రెండూ ప్రమాదమే. స్టాండ్‌లో మనిషి చెట్టుకు వీపు ఆనించి, ముందువైపు ఖాళీగా కూర్చుంటాడు. ఒళ్లు సడలితే ముందుకు వాలుతుంది. వాలిన చోట ఆనుకోవడానికి ఏమీ ఉండదు. ఒంటికి హార్నెస్ (తాడుతో చెట్టుకు కట్టుకునే రక్షణ పట్టీలు) లేకపోతే ఇరవై అడుగుల నుంచి నేలను చేరడానికి సెకనుకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అప్పటికి వేగం గంటకు దాదాపు 39 కిలోమీటర్లు. హార్నెస్ ఉంటే దాని తాడు నిడివి మేరకు పడి ఆగుతాడు. అంటే స్టాండ్‌లో తాడు పడిపోతున్న మనిషిని ఆపే సాధనం; మిగతా సమయమంతా ఊరికే వేలాడుతూ ఉంటుంది.

శాడిల్‌లో తాడు ఎప్పుడూ బిగుతుగానే ఉండాలి. మనిషి ముందే వాలి ఉన్నాడు కాబట్టి కొత్తగా వాలడానికి దూరం లేదు. ఉలికిపాటు వస్తే తాడు కొద్దిగా ఊగుతుంది, అంతే. పని ప్రదేశాల భద్రత కోసం అమెరికా సంస్థ ఓషా చేసిన నిబంధనల్లో కూడా ఈ రెంటినీ వేరుగా చూస్తారు: పడేవాణ్ని ఆపే ఏర్పాటులో స్వేచ్ఛగా పడే దూరం ఆరు అడుగులకు మించకూడదు, ఒంటి మీద పడే బలం 1,800 పౌండ్లకు మించకూడదు, పని భంగిమలో నిలిపి ఉంచే ఏర్పాటులో పడే దూరం రెండు అడుగులు దాటకూడదు. నడుము బెల్టును మాత్రమే నమ్ముకుని పడేవాణ్ని ఆపడాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. ఈ నిబంధనలు వేటగాళ్లకు వర్తించవు. అయినా శాడిల్ ఏ కోవలోకి వస్తుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి కొలత లేదు. నడుమును మాత్రమే పట్టి ఉంచే శాడిల్ మనిషిని నిలిపి ఉంచే సాధనం. పడేవాణ్ని ఆపడానికి తయారైనది కాదు.

వదులు అనే శత్రువు

కాబట్టి ప్రశ్న తాడు తెగుతుందా అన్నది కాదు. మంచి తయారీ క్యారబైనర్ పొడవు దిశలో రెండు టన్నులకు పైగా బరువు మోస్తుంది. తాడు వదులవుతుందా అన్నదే ప్రశ్న.

వదులు ఎలా వస్తుందో ఒక మధ్యాహ్నాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వాలి వాలి నడుము నొప్పి పుట్టిన వేటగాడు ప్లాట్‌ఫామ్ మీద నిటారుగా లేచి చెట్టుకు దగ్గరగా జరుగుతాడు. అప్పటిదాకా చెట్టుకూ అతనికీ మధ్య తీగలా బిగిసి ఉన్న టెథర్, బ్రిడ్జ్ రెండూ జారి పొట్ట ముందు వంపు తిరుగుతాయి. బెరడుకు భుజం ఆనుతుంది. గాలి లేదు, ఎండ కాస్త వెచ్చగా ఉంది, నిలబడే కళ్లు మూతలు పడతాయి. ఇప్పుడు మోకాళ్లు సడలితే అతను శాడిల్‌లోకి వాలడు, పడతాడు. రెండు అడుగుల వదులు ఉంటే, 80 కిలోల మనిషి సెకనుకు మూడున్నర మీటర్ల వేగంతో తాడును లాగుతాడు. తాడు సాగడం, ఒళ్లు నలగడం కలిపి పది సెంటీమీటర్లలో ఆ పతనం ఆగిందనుకుంటే, సగటున అతని బరువుకు ఏడు రెట్ల బలం నడుము, తుంటి ఎముకల మీద పడుతుంది. సాగని తాళ్లతో ఆగే దూరం ఇంకా తగ్గి, దెబ్బ ఇంకా పెరుగుతుంది. తేలికగా ఉంటాయని ఎంచుకునే డైనీమా వంటి పోగుల తాళ్లకు సాగే గుణం బాగా తక్కువ. ఆపైన ఒళ్లు లోలకంలా ఊగి ముఖమో, మోకాలో మొదలుకు కొట్టుకుంటుంది.

తీసుకోవాల్సిన జాగ్రత్త చెప్పడానికి చిన్నదే. కళ్లు మూసుకునే ముందు పూర్తిగా కూర్చోవాలి, నిలబడి కునుకు తీయకూడదు. టెథర్ చెట్టుకు చుట్టుకున్న చోటు కూర్చున్న మనిషి తలకన్నా పైన ఉండాలి. ప్రూసిక్ ముడిని పైకి జరిపి బ్రిడ్జ్ బిగుసుకునేదాకా వదులు తీసేయాలి. పరీక్ష కూడా సులువే: రెండు పాదాలు ప్లాట్‌ఫామ్ మీద నుంచి మెల్లగా ఎత్తితే ఒళ్లు ఒక అంగుళం కన్నా కిందికి దిగకూడదు.

ప్రూసిక్ ముడికి ఒక స్వభావం ఉంది. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో వెలుగులోకి తెచ్చిన ఈ ముడి బరువు పడితే బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. కానీ ముడి పైభాగాన్ని గుప్పిట పట్టి కిందికి లాగితే బరువున్నా జారవచ్చు. మంచి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన మనిషి చేయి మొట్టమొదట వెళ్లేది కళ్లెదుట ఉన్న ఆ ముడి మీదికే. అందుకే టెథర్ కింది కొసన ఒక గట్టి అడ్డుముడి వేసి ఉంచాలి. ప్రూసిక్ జారినా తాడు చివర దాటిపోదు. ముడికి బదులు పళ్లున్న లోహపు బిగింపు వాడేవారికి కూడా ఈ అడ్డుముడి అంతే అవసరం, ఎందుకంటే ఆ బిగింపును కూడా పొరపాటున నొక్కి వదిలించవచ్చు. నిద్రలో అటూ ఇటూ కదిలినప్పుడు క్యారబైనర్ అడ్డం తిరగడం మరో చిక్కు. అడ్డంగా లాగినప్పుడు దాని బలం నిలువు బలంలో సగం కూడా ఉండదు. గేటు తాళం పడిందో లేదో, నిలువుగా ఉందో లేదో కళ్లు మూసే ముందు వేలితో తడిమి చూడటానికి రెండు సెకన్లు చాలు.

వేలాడే ఒంట్లో రక్తం

శాడిల్ గురించి ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. కదలకుండా నిటారుగా వేలాడే మనిషి కాళ్లలో రక్తం పేరుకుంటుంది. నడిచేటప్పుడు, కనీసం నిలబడి కాళ్లు మార్చుకునేటప్పుడు, పిక్క కండరాలు బిగుస్తూ సడలుతూ సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. ఆ కదలిక ఆగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, మెదడుకు చేరేది తగ్గి, చివరికి స్పృహ తప్పవచ్చు. నేల మీద నిలబడ్డవాడు స్పృహ తప్పితే కింద పడతాడు. పడుకున్న భంగిమలో రక్తం మళ్లీ మెదడుకు చేరి కాసేపటికి తేరుకుంటాడు. తాడు మీద ఉన్నవాణ్ని తాడు పడనివ్వదు. కాపాడే గుణమే అక్కడ చేటు చేస్తుంది. ఇలాంటి స్థితి అరగంట లోపే ప్రాణాల మీదికి తేగలదని ఓషా హెచ్చరించింది.

అయితే ఆ హెచ్చరికను శాడిల్‌లో కూర్చున్న వేటగాడికి ఉన్నదున్నట్టు అన్వయించడం సరికాదు. అది ప్రధానంగా పడిపోయి, పాదాలకు ఏ ఆధారమూ లేకుండా, కాళ్లు నిలువుగా వేలాడే మనిషికి సంబంధించినది. శాడిల్‌లో మోకాళ్లు ముందుకు మడిచి, తొడలు ఇంచుమించు అడ్డంగా, పాదాలు ప్లాట్‌ఫామ్ మీద ఉంటాయి. గంటలకొద్దీ అలా ఉండి క్షేమంగా దిగేవారు లెక్కలేనంతమంది. ప్రమాదం లేదని దీని అర్థం కాదు. ప్రమాదం షరతులతో ఉందని అర్థం. ఆ షరతుల్లో మొదటిది కదలిక, రెండోది పాదాల ఆధారం. నిద్ర మొదటిదాన్ని తీసేస్తుంది. పాదం ప్లాట్‌ఫామ్ అంచు దాటి జారితే రెండోదీ పోతుంది. రెండూ పోయిన మనిషి, ఓషా హెచ్చరించిన మనిషి స్థితికి దగ్గరవుతాడు. అదీగాక నిద్రపోతున్నవాడు, స్పృహ తప్పినవాడు కింద నుంచి చూసేవారికి ఒకేలా కనిపిస్తారు. ఒంటరిగా వేటాడేవారికి చూసేవారే ఉండరు.

దీనితో ముడిపడిన ఒక పాత అపోహ ఇప్పటికీ తిరుగుతోంది: చాలాసేపు వేలాడినవాణ్ని దించాక వెంటనే పడుకోబెడితే, పేరుకున్న రక్తం ఒక్కసారిగా గుండెను చేరి చనిపోతాడని, అందుకే కూర్చోబెట్టి ఉంచాలని. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ 2009లో ఆధారాలన్నీ పరిశీలింపజేసినప్పుడు దీనికి ఏ ఆధారమూ కనిపించలేదు. స్పృహలో లేనివాణ్ని మామూలు ప్రథమ చికిత్సలాగే పడుకోబెట్టడమే సరైనది.

నొప్పి చెప్పే మాట

మెలకువలో ఉన్న మనిషి తనకు తెలియకుండానే ప్రతి కొన్ని నిమిషాలకూ తుంటి కాస్త పక్కకు జరుపుతాడు, మోకాలు చాపుతాడు, పట్టీ సర్దుకుంటాడు. ఒరుసుకుపోయిన చోటు పెట్టే గిల్లుడే ఆ కదలికకు కారణం. గాఢనిద్రలో ఆ గిల్లుడు మెదడును చేరేసరికి ఆలస్యమవుతుంది. శాడిల్ పట్టీ తుంటి ముందుభాగాన్ని ఒత్తితే తొడ బయటి వైపు తిమ్మిరెక్కుతుంది. మోకాలి బయటి పక్కన, ఎముక మీదుగా చర్మానికి దగ్గరగా వెళ్లే నరం చెట్టుకు నొక్కుకుంటే పాదం పైకి ఎత్తే బలం తాత్కాలికంగా తగ్గుతుంది. ఇంట్లో సోఫా మీద అయితే ఇది నవ్వుకుని దులిపేసుకునే విషయం. ఇరవై అడుగుల ఎత్తున, సన్నని మెట్టు మీద కాలు పెట్టి దిగాల్సినవాడికి స్పర్శ లేని పాదం అసలు ప్రమాదం. మోకాళ్లకు మెత్తలు కట్టుకోవడం, వీపు పైభాగానికి ఆధారంగా వెడల్పాటి పట్టీ తగిలించుకోవడం ఈ ఒత్తిడిని తగ్గిస్తాయి. వీపు పట్టీ మరో మేలు కూడా చేస్తుంది: నిద్రలో భుజాలు పక్కకు ఒరిగి, నడుము దగ్గర మాత్రమే కట్టున్న ఒళ్లు తలకిందులయ్యే అవకాశాన్ని తగ్గిస్తుంది. తొడ పట్టీలు విప్పేసుకుని పడుకునే అలవాటు కొందరికి ఉంది. అది మంచిది కాదు. ఒళ్లు శాడిల్‌లోంచి జారిపోకుండా ఉంచేవి అవే.

తల ఎక్కడ పెట్టాలన్నది వినడానికి చిన్న విషయమే. శాడిల్‌లో చెట్టు ఎదురుగా ఉంటుంది కాబట్టి చాలామంది టెథర్‌కు చెంప ఆనించి కునుకు తీస్తారు. టోపీ మడిచి తాడుకు, చెంపకు మధ్య పెట్టుకుంటే చాలు. బైనాక్యులర్ పట్టీ, విల్లు పైకి లాగే సన్నతాడు వంటివి మెడ దగ్గర ఉచ్చులా వేలాడకుండా ముందే తీసేయాలి. గడ్డం ఛాతీ మీదికి వాలితే గురక వస్తుంది. అది విని జింక వెళ్లిపోతుందేమో గానీ, ప్రాణానికి ముప్పు లేదు.

చలి వేరే సంగతి. నిద్ర పట్టేటప్పుడు చేతులు, పాదాల చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని, ఒంట్లోని వేడి బయటికి పోతుంది. దుప్పటి కింద అది హాయినిస్తుంది. సున్నాకు దగ్గరలో ఉన్న నవంబరు గాలిలో అదే వేడి అరగంటలో ఒంటిని వదిలి, లేచేసరికి వేళ్లు ముడి విప్పలేనంత మొద్దుబారవచ్చు. జలుబుకు వేసుకునే మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమైన్ వంటి మందులు నిద్రను లోతు చేస్తాయి. మద్యం కాళ్లను, తలను, ముడిని మూడింటినీ దెబ్బతీస్తుంది.

ఎంతసేపు, ఏ చెట్టు, ఆయుధం ఎక్కడ

విమానయాన సిబ్బంది మీద నాసా చేసిన అధ్యయనంలో పైలట్లకు 40 నిమిషాల విరామం ఇస్తే, వారు సగటున 26 నిమిషాలు నిద్రపోయి, ఆ తర్వాత చురుగ్గా పనిచేశారు. ఆ లెక్కను వేటగాడికి ఉన్నదున్నట్టు వాడలేం. కాక్‌పిట్‌లో పక్కన మరో పైలట్ ఉంటాడు. తెల్లవారుజామున మూడున్నరకు లేచినవాడు, ముందు రాత్రి కూడా సరిగా పడుకోనివాడు, మామూలుకన్నా త్వరగా గాఢనిద్రలోకి జారుకుంటాడు. గాఢనిద్రలోంచి లేచినప్పుడు వచ్చే మగత సాధారణంగా పదిహేను నుంచి ముప్పై నిమిషాలు ఉంటుంది. ఆ సమయంలో నిర్ణయాలు నెమ్మదిస్తాయి, చేతుల పట్టు తప్పుతుంది. పదిహేను, ఇరవై నిమిషాల వద్ద ఫోను వణికేలా పెట్టుకుంటే గాఢనిద్రకు చేరకముందే లేవవచ్చు, కాళ్లు కదపవచ్చు, కావాలంటే వదులు సరిచూసి మళ్లీ కళ్లు మూయవచ్చు. ఒక్కసారిగా గంట నిద్రకన్నా ఇలా తెంపులు తెంపులుగా తీసే కునుకు ఒంటికి తక్కువ హాయి, తాడు మీద ఉన్న మనిషికి ఎక్కువ క్షేమం.

చెట్టు ఎంపిక పొద్దున్నే జరిగిపోతుంది కాబట్టి, కునుకు క్షేమంలో కొంత భాగం చీకట్లోనే నిర్ణయమైపోతుంది. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఒక ఆకుపచ్చ పురుగు ఆ తర్వాత అమెరికా తూర్పు భాగంలో యాష్ జాతి చెట్లను కోట్ల సంఖ్యలో చంపింది. ఎండిన యాష్ మాను నిటారుగా, నున్నగా, ఎక్కడానికి అనువుగా కనిపిస్తుంది. కొమ్మలు మాత్రం గాలికి పుటుక్కున విరుగుతాయి. మేలుకుని ఉన్నవాడు పైన చిటపట వినగలడు. పొలుసులుగా ఊడే బెరడున్న హికరీ చెట్టు మీద ప్లాట్‌ఫామ్ పట్టీ బెరడుతో సహా జారే అవకాశం ఉంది.

విల్లు ఒడిలో పెట్టుకుని నిద్రపోవడం, బాణం తొడిగి ఉంచడం ఏ వాదనకూ నిలవని పనులు. వేట బాణం మొన రేజరు బ్లేడంత పదును. విల్లు కొక్కేనికి, బాణాలు మూత ఉన్న పొదిలోకి వెళ్లాలి. తుపాకీ అయితే గుండ్లు తీసి వేలాడదీయాలి. తుపాకీ వేట సీజన్లో చాలా రాష్ట్రాలు నారింజ రంగు చొక్కా తప్పనిసరి చేశాయి. జింక కళ్లకు ఆ రంగు మెరుస్తూ కనిపించదు కాబట్టి, కునుకులో ఉన్నప్పుడు కూడా దాన్ని విప్పాల్సిన పనిలేదు. ఫోను సంచిలో కాకుండా ఒంటి మీద ఉండాలి. ఏ చెట్టు మీద ఉన్నదీ, ఎన్నింటికి దిగేదీ ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి.

నేల మీద పడుకోవచ్చు కదా

అన్నిటికన్నా సులువైన సమాధానం దిగి, చెట్టు మొదట్లో పడుకోవడం. ఎల్ కాపిటాన్ వంటి నిలువు కొండలెక్కేవారికి ఆ అవకాశం లేదు; రాత్రిళ్లు గోడకు వేలాడే మడత మంచం మీద పడుకుంటారు. అప్పుడు కూడా హార్నెస్ విప్పరు, తాడు విప్పరు. ఒళ్లు మాత్రం అడ్డంగా చాచి ఉంటుంది, రక్తానికి అడ్డంకి లేదు. కాలిఫోర్నియాలో ఒక రెడ్‌వుడ్ చెట్టును నరకకుండా కాపాడటానికి జూలియా బటర్‌ఫ్లై హిల్ 1997 డిసెంబరు నుంచి 738 రోజులు ఆ చెట్టు మీదే ఉన్నారు. ఆమె నిద్రపోయింది కూడా పలకలతో కట్టిన మంచె మీదే. మనిషికి దగ్గరి బంధువైన చింపాంజీ కూడా రోజూ రాత్రి కొమ్మలు వంచి కొత్త పడక అల్లుకుంటుంది. వేలాడుతూ నిద్రపోవడం గబ్బిలానికి చెల్లింది, ఎందుకంటే దాని కాలి స్నాయువులు బరువు పడగానే వాటంతట అవే బిగుసుకుంటాయి. మంచె మీద నిద్ర, తాడు మీద నిద్ర ఒకటి కావు. రెండోది ఎప్పుడూ కునుకు స్థాయిలోనే ఉండాలి.

మరి దిగి పడుకోమని ఎవరూ గట్టిగా చెప్పరెందుకు? దిగడం, మళ్లీ ఎక్కడం అంటే జింకలు తిరిగే చోట వాసన, చప్పుడు మిగల్చడం అన్నది వేటగాళ్లు చెప్పే కారణం. దానికన్నా బరువైన కారణం ఒకటి ఉంది. వేటగాళ్లకు రాష్ట్రాలు నడిపే భద్రతా తరగతుల్లో ఎక్కడం, దిగడం, స్టాండ్ మీదికి కాలు మార్చడం అనే దశలనే అత్యంత ప్రమాదకరమైనవిగా బోధిస్తారు. నిద్ర కోసం దిగినవాడు ఆ రోజు ఒకసారి అదనంగా దిగి, ఒకసారి అదనంగా ఎక్కుతాడు. ఇరవై నిమిషాల కునుకుకు ఈ బేరం గిట్టుబాటు కాకపోవచ్చు. గంటన్నర నిద్ర కావాల్సినవాడికి, రాత్రి బొత్తిగా నిద్ర లేనివాడికి, కాళ్లు అప్పటికే తిమ్మిరెక్కినవాడికి మాత్రం నేలే సరైన చోటు.

పైన కునుకు తీసినవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు దిగాల్సిందే. లేవడానికీ దిగడానికీ మధ్య కనీసం అరగంట ఉండాలి: పాదాలు ప్లాట్‌ఫామ్ మీద తొక్కుతూ, మడమలు ఎత్తి దించుతూ, వేళ్లు ముడుస్తూ చాపుతూ, నీళ్లు తాగి, స్పర్శ పూర్తిగా తిరిగొచ్చేదాకా. ఆ తర్వాతే లైన్‌మన్ తాడు నడుముకు తగిలించి, దాని మీద బరువు వేసి చూసుకుని, చివరగా టెథర్ విప్పుతారు.